జీవించేశాడు సరే, ఏం విన్నాడు?

ఆటిజం ఉన్న పాత్ర తెర మీదికి వచ్చిందంటే మర్నాటి రివ్యూల్లో ఒక మాట ఖాయం: 'జీవించేశాడు'. వేళ్లు ఎలా తిప్పాడు, చూపు ఎలా పక్కకి పోనిచ్చాడు, మాట ఎక్కడ తడబడింది, అన్నీ గమనించి మరీ రాస్తాం. అవార్డులు కూడా ఎక్కువగా అక్కడికే వెళ్తాయి. కంటికి కనిపించేది, కొలవడానికి తేలికైనది కాబట్టి అందరం దాన్నే కొలుస్తాం.

సినిమాల గురించి రాయడమే నా పని. ఇలాంటి సినిమాలు చూసేటప్పుడు నేను ముందుగా పట్టించుకునేది నటనను కాదు, సౌండ్‌ని. ఆ మనిషి మనకి ఎలా కనిపిస్తున్నాడో నటుడు చెప్తాడు. ఆ మనిషికి లోకం ఎలా వినిపిస్తోందో చెప్పాల్సింది సౌండ్ డిజైనర్, సంగీత దర్శకుడు, చివర్లో అన్నీ కలిపే మిక్సింగ్ ఇంజినీర్. ఈ ముగ్గురూ ఎవరి చెవి దగ్గర మైకు పెట్టారన్నది తేలితే సినిమా ఎవరి పక్షాన ఉందో చాలావరకు తేలిపోతుంది. గొప్ప నటన ఉండి కూడా ఈ పరీక్షలో తప్పిన సినిమాలు బోలెడు.

ముందు న్యూరోడైవర్సిటీ అంటే ఏమిటో క్లుప్తంగా. మనుషుల మెదళ్లు అన్నీ ఒకే పద్ధతిలో పనిచేయవు, ఆటిజం, ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలపలేకపోవడం), డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమవడం) లాంటివి మనిషి జాతిలో సహజంగా ఉండే తేడాలు అనే ఆలోచన ఇది. 1990లలో ఆటిజం ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఒకరికొకరు పరిచయమై మాట్లాడుకుంటున్న రోజుల్లో పుట్టింది. ఆస్ట్రేలియాకు చెందిన సామాజిక శాస్త్ర విద్యార్థిని జూడీ సింగర్ 1998లో తన సిద్ధాంత వ్యాసంలో ఈ మాట వాడారు. అదే ఏడాది హార్వీ బ్లూమ్ అనే పాత్రికేయుడు ఒక అమెరికన్ పత్రికలో దీని గురించి రాశాడు. ఇబ్బందులు లేవని ఈ ఆలోచన అనదు. ఆ ఇబ్బందుల్లో కొంత మెదడు వల్ల, కొంత ఆ మెదడుని లెక్కలోకి తీసుకోకుండా కట్టుకున్న లోకం వల్ల వస్తాయంటుంది. సినిమాకి పనికొచ్చేది ఈ రెండో సగమే. ఎందుకంటే లోకాన్ని చప్పుడుతో సహా కట్టి చూపించడమే సినిమా పని.

'రెయిన్ మ్యాన్' దగ్గర మొదలుపెట్టక తప్పదు. 1988లో వచ్చి ఉత్తమ చిత్రంతో పాటు మొత్తం 4 ఆస్కార్లు తీసుకుంది. ఆటిజం అనే పేరు ప్రపంచంలో మామూలు జనానికి పరిచయమైంది చాలావరకు ఈ సినిమాతోనే. తమాషా ఏమిటంటే, అందులో ఆటిజం ఉన్న అన్నయ్య రేమండ్ పాత్రకి మొదటి ప్రేరణ అయిన కిమ్ పీక్‌కి ఆటిజం లేదని తర్వాత నిపుణులు అభిప్రాయపడ్డారు. ఆయన మెదడులో కుడి ఎడమ అర్ధభాగాలను కలిపే నరాల కట్ట పుట్టుకతోనే లేదు. వేల పుస్తకాలు కంఠతా ఉండేవి. రచయిత బారీ మారో 1984లో ఆయన్ని కలిసి, ఆ జ్ఞాపకశక్తికి అబ్బురపడి కథ అల్లుకున్నాడు. రేమండ్‌ని తీర్చిదిద్దేటప్పుడు ఆటిజం వచ్చి చేరింది. అలా ఆటిజానికి లోకమంతటా గుర్తుండిపోయిన ముఖం, ఆటిజం లేని ఒక మనిషి నుంచి మొలిచింది.

దాని ఫలితం ఇప్పటికీ నడుస్తోంది. ఆటిజం అనగానే 'మీవాడికి ఏం టాలెంట్ ఉంది?' అని అడిగేవాళ్లకి ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? కింద పడ్డ పుల్లలు ఒక్క చూపులో లెక్కపెట్టడం, పేకాటలో కార్డులు గుర్తుపెట్టుకోవడం, అన్నీ అక్కడివే. ఆటిజం ఉన్నవాళ్లలో అలాంటి అసాధారణ శక్తి ఉండేది కొద్దిమందికే.

ఆ సినిమాలో నాకు అంతకంటే ముఖ్యమైన సీను వేరే ఉంది. చివర్లో రేమండ్ టిఫిన్ వేడి చేసుకోబోతే పొగ వచ్చి, స్మోక్ అలారం మోగుతుంది. అతను తల కొట్టుకుంటూ తల్లడిల్లిపోతాడు. డస్టిన్ హాఫ్‌మన్ నటనకి వంక పెట్టలేం. కానీ అలారం మనకి ఎలా వినిపిస్తుంది? మామూలు అలారంలాగే. చిరాకు పెడుతుంది, అంతే. మనం తమ్ముడు చార్లీ పక్కన నిలబడి 'అయ్యో, ఇతన్ని ఎవరు చూసుకుంటారు' అనుకుంటాం. అన్నయ్య తలలో ఆ చప్పుడు ఎంతుందో సినిమా వినిపించదు. వినిపించి ఉంటే మన ప్రశ్న 'ముందు ఆ అలారం ఎవరైనా ఆపరేం?' అయ్యేది. సానుభూతికీ అర్థం చేసుకోవడానికీ మధ్య దూరం ఒక్కోసారి ఒక సౌండ్ ట్రాక్ అంత ఉంటుంది.

అయితే అదే సినిమాలో సంగీతం మాత్రం తెలివైన పని చేసింది. అప్పటికి హాలీవుడ్‌లో కొత్తవాడైన హాన్స్ జిమ్మర్, రోడ్డు ప్రయాణం కథలకి అలవాటుగా వాడే గిటార్లు, మనసు కరిగించే వయొలిన్ల జోలికి పోలేదు. సింథసైజర్ మీద ఏ ఊరిదో చెప్పలేని సంగీతం చేశాడు. రేమండ్‌కి ఈ లోకం వేరే గ్రహంలా ఉంటుంది, కాబట్టి లేని లోకానికి ఒక సంగీతం కల్పిద్దాం అన్నది ఆయన ఆలోచన. ఆయనకి మొదటి ఆస్కార్ నామినేషన్ దీనికే వచ్చింది. రేమండ్ వైపు నిలబడింది కెమెరా కంటే ఎక్కువగా ఈ బీజీఎమ్మే.

చప్పుడు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఇది నాకు వృత్తి విషయం మాత్రమే కాదు. నాకు ఏడీహెచ్‌డీ ఉందని పెద్దయ్యాకే తేలింది. పక్క సీట్లో కవరు చప్పుడు, ఏసీ రొద, తెర మీద డైలాగు, ఈ మూడూ నాకు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. చాలామంది మెదడు అక్కర్లేని చప్పుళ్లను తనంతట తనే వెనక్కి నెట్టేస్తుంది. కొందరి మెదడు ఆ పని చేయదు, లేదా ఆలస్యంగా చేస్తుంది. వైద్యులు వాడే అమెరికన్ వర్గీకరణ పుస్తకం ఆటిజం లక్షణాల జాబితాలో చప్పుడు, వెలుతురు, స్పర్శ లాంటి వాటికి అతిగానో మరీ తక్కువగానో స్పందించడాన్ని చేర్చింది 2013లోనే. అదే కూర్పులో, ఒకే మనిషికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉండొచ్చని కూడా ఒప్పుకున్నారు. అంతకుముందు రెండిట్లో ఒకటే రాయాలి. కాబట్టి పాత సినిమాలు ఇంద్రియాల సంగతి వదిలేశాయంటే పూర్తిగా వాటి తప్పనలేం. వాటికి సలహా ఇచ్చిన పుస్తకాల్లోనే అది లేదు.

ఇంకో సంగతి. థియేటర్ సౌండ్‌కి ఒక కొలత ఉంది. సర్దేటప్పుడు తెర వెనకాల ఒక్కో ప్రధాన స్పీకర్‌కీ పరీక్ష శబ్దం పంపి, సీట్ల దగ్గర 85 డెసిబెల్స్ వచ్చేలా పెడతారు. అక్కణ్ణుంచి ఆ ఒక్క ఛానెల్‌లోనే పెద్ద చప్పుళ్లు 105 దాకా వెళ్లగలవు. సుమారు 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు అయినట్టు ఉంటుంది. అంటే మాటకీ పేలుడికీ మధ్య ఎంత జాగా ఉందో చూడండి. సినిమా చేతిలో ఇంత బలమైన సాధనం ఉంది. హాల్లో వెయ్యి మందికి ఒకే క్షణంలో, ఇంకొకరి చెవులు ఎరువిచ్చేయగలదు. యుద్ధాలకీ, దెయ్యాలకీ ఆ పని చేసినంత ధీమాగా ఆటిజానికి చేసింది తక్కువ.

చేసినవి లేకపోలేదు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' గురించి మాట్లాడితే అందరూ అమ్మ పాట దగ్గర ఆగిపోతారు. ఆ పాటకి రాసినాయనకీ, పాడినాయనకీ జాతీయ అవార్డులు వచ్చాయి, నిజమే. నన్నడిగితే సినిమాలో అసలైన ఆలోచన 'జమే రహో' పాటలో ఉంది. తెల్లారింది. అమ్మ వంటిల్లు, నాన్న ఆఫీసు, అన్నయ్య పరీక్షలు. డ్రమ్స్ దంచుతుంటే అందరూ ఆ దెబ్బకే నడుస్తారు, ఆ దెబ్బకే పళ్లు తోముకుంటారు. కట్ చేస్తే చిన్నకొడుకు ఇషాన్. తాళం సడలిపోతుంది. పరుగు కాస్తా ఊగులాటలా మారుతుంది. వాడు తన లోకంలో ఉంటాడు. మళ్లీ ఇంట్లోవాళ్లు, మళ్లీ డ్రమ్స్. డిస్లెక్సియా అన్న మాట సినిమాలో రావడానికి ఇంకా చాలా టైముంది. కానీ పాట అప్పటికే చెప్పేసింది: ఈ ఇంట్లో రెండు లయలున్నాయి, రెండోది తప్పు లయ కాదు. సంగీత దర్శకులు శంకర్-ఎహసాన్-లాయ్ ఇక్కడ చేసింది వ్యాధి నిర్ధారణ కంటే పైస్థాయి పని. పిల్లాడు నెమ్మది అని చెప్పకుండా, ఇల్లే వేగంగా పరిగెడుతోందేమో అని అనుమానం పుట్టించారు.

బ్రిటన్‌కి చెందిన డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనే ఆటిజం ఉన్న మనిషి, 2012లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల మనసు తెలియదని మనం అంటాం కదా, మరి ఎదుటివాళ్లకి వాళ్ల మనసు తెలుస్తోందా? అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, నింద మాత్రం ఒకరి మీదే పడుతోంది అన్నాడు. ఐదేళ్ల ముందే ఒక హిందీ పాట ఆ మాటకి చాలా దగ్గరగా వెళ్లింది.

ఇంతా చేసి ఆ సినిమా చివరికి బొమ్మల పోటీ పెట్టి పిల్లాణ్ణి గెలిపిస్తుంది. మధ్యలో క్లాసులో ఐన్‌స్టీన్, డావిన్సీ, ఎడిసన్‌లకి కూడా ఇదే ఉండేదని మాస్టారు చెప్తాడు. చనిపోయిన మేధావులకి ఇప్పుడు రోగ నిర్ధారణ చేయడం ఎంత నమ్మదగిన పనో వదిలేద్దాం. బొమ్మలు రాని ఇషాన్ సంగతేంటి? వాడికి ఏ పాట? రేమండ్ పుల్లలు లెక్కపెట్టిన చోటికే తిరిగొచ్చినట్టయింది.

మన సినిమాలకి ప్లేబ్యాక్ అనే వింత ఒకటి ఉంది, దీని గురించి బయటి విమర్శకులు పెద్దగా ఆలోచించరు. 1986 నాటి 'స్వాతిముత్యం' తీసుకోండి. శివయ్య పాత్రకి విశ్వనాథ్ గారు ఏ వైద్య పేరూ పెట్టలేదు. అమాయకుడు, అంతే. ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కార్‌కి వెళ్లిన సినిమా అది. మాటల్లో శివయ్య తడుముకుంటాడు, అన్న మాటే మళ్లీ అంటాడు. 'సువ్వి సువ్వి' పాట వచ్చేసరికి ఆ గొంతు బాలు గారిది అవుతుంది. ఎంత అమాయకత్వం అద్దినా శృతి తప్పని గొంతు. ఇళయరాజా బాణీలో శివయ్యకి, కథానాయిక లలితకి మధ్య ఎక్కువతక్కువలు ఉండవు. ఇద్దరూ సమానంగా పాడతారు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. పాట వచ్చినప్పుడల్లా ఆ మనిషి అసలు గొంతుని తీసేసి మనకి నచ్చే గొంతు తొడిగారని ఒకటి. మాట చేతగానివాడికి పాటలో పూర్తి మనిషిగా నిలబడే చోటు ఇచ్చారని రెండోది. మాటలు రాక రాగంలో పలికేవాళ్లు, చెప్పింది గుర్తుండక పాడింది గుర్తుంచుకునేవాళ్లు నిజంగానే ఉంటారు కాబట్టి నేను రెండోవైపే మొగ్గుతాను. శివయ్య అమాయకత్వం మీద హాల్లో వచ్చే కొన్ని నవ్వులు మాత్రం ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటాయి. పాటల్లో ఆ ఇబ్బంది ఉండదు. ఎందుకో ఎవరైనా వివరంగా రాస్తే బావుండును.

ఇక సంగీతాన్నే నమ్ముకుని బోల్తా పడ్డ సినిమా. గాయని సియా 2021లో 'మ్యూజిక్' అనే సినిమా తీసింది. మాట్లాడలేని ఆటిజం అమ్మాయి పాత్ర పేరే మ్యూజిక్. ఆమె లోపలి లోకాన్ని పాటలుగా చూపించారు: కళ్లు చెదిరే రంగులు, మెరుపులు, పెద్ద పెద్ద డాన్సులు. ఆలోచన వినడానికి బాగానే ఉంది కదా? కానీ ఆ పాటల్లోని వెలుగులు, వేగం చూస్తే, ఎవరి లోకం అని చెప్పారో వాళ్లలో చాలామంది హాల్లో కూర్చోలేరు. ఆటిజం లేని డాన్సర్ మ్యాడీ జీగ్లర్‌ని తీసుకోవడం మీద, మెల్ట్‌డౌన్ (తట్టుకోలేక అదుపు తప్పిపోవడం) వచ్చినప్పుడు అమ్మాయిని నేల మీద అదిమిపట్టే సీన్ల మీద ఆటిజం ఉన్నవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అలా పట్టుకోవడం వల్ల ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. సియా క్షమాపణ చెప్పింది, ఆ సీన్లు తీసేస్తానంది. గోల్డెన్ గ్లోబ్‌కి రెండు నామినేషన్లు వచ్చాయి, చెత్త సినిమాలకిచ్చే రాజీల్లో మూడు అవార్డులూ వచ్చాయి.

కథ అక్కడితో అయిపోతే తేలిగ్గా ఉండేది. 2023లో సియా తనకే ఆటిజం ఉందని చెప్పింది. 'ఆటిజం ఉన్నవాళ్ల కథ వాళ్లే చెప్పాలి' అన్న సూత్రాన్ని ఇప్పుడు ఎలా అన్వయించాలి? చెప్పింది ఆ కోవకి చెందిన మనిషే, సినిమా మాత్రం చాలామందిని బాధపెట్టింది. నాకు అర్థమైనంతలో, ఒకరి అనుభవం అందరి అనుభవం కాదు. తీసే మనిషికి ఉండటం ఒక్కటే సరిపోదు, చుట్టూ అడగడానికి ఇంకా మనుషులుండాలి.

నటుల విషయంలోనైనా ఈ సూత్రం పనిచేస్తుందని నిరూపించినవి ఉన్నాయి. 2018లో స్పెయిన్‌లో వచ్చిన 'కాంపియోనెస్'లో బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నవాళ్లంతా మేధో వైకల్యం ఉన్న నటులే. అక్కడి గోయా అవార్డుల్లో ఉత్తమ చిత్రం అయింది. 2025లో ఆమిర్ ఖాన్ 'సితారే జమీన్ పర్' దాని ఆధారంగానే తీశారు. పిక్సార్ వాళ్లు 2020లో చేసిన 'లూప్' అనే చిన్న సినిమాలో మాట్లాడని అమ్మాయి రెనేకి గొంతు ఇచ్చింది నిజంగా మాట్లాడని, ఆటిజం ఉన్న అమ్మాయే. మాటలు లేని గొంతు ఏమిటంటారా? నవ్వు, ఊపిరి, మూలుగు, ఆనందంతో చేసే కూతలు. ఫోన్‌లో ఒకే రింగ్‌టోన్‌ని మళ్లీ మళ్లీ మోగించుకుంటుంది. పడవ నడిపే కుర్రాడికి మొదట అది విసుగు. పోనుపోను అది మాటే అని తెలుస్తుంది.

అదే 2020లో జెర్రీ రాత్‌వెల్ తీసిన డాక్యుమెంటరీ 'ది రీజన్ ఐ జంప్' చెవి విషయంలో ఇంకా ముందుకు వెళ్లింది. జపాన్ కుర్రాడు నవోకి హిగాషిడా 13 ఏళ్ల వయసులో రాసిన పుస్తకం దానికి ఆధారం. అక్షరాల పలక చూపించి రాయించే ఆ పద్ధతిని కొందరు నిపుణులు శంకిస్తారు, అది తెలిసే చూడాలి. ఆ శంక పక్కనపెడితే, సౌండ్ మాత్రం పాఠంలా ఉంటుంది. మనకి వస్తువు ముందు, వివరం తర్వాత. ఆ సినిమాలో వివరం ముందొస్తుంది. నీటి చుక్క, ఫ్యాన్ రెక్క, కరెంటు రొద చెవిలోకి దూరిపోయాక గానీ అదేమిటో మనకి తెలియదు. ఒకటి రెండు చోట్ల భయపెడుతుంది, ఎక్కువ చోట్ల ఎంత అందంగా ఉంటుందో. ఇంద్రియాల తేడా అంటే ఎప్పుడూ నరకమే అనుకునేవాళ్లు ఇది వినాలి.

పేరు పెట్టని సినిమాల మాట కూడా చెప్పాలి. తెలుగులో మాస్కింగ్, అంటే తన తేడా బయటపడకుండా రోజంతా మామూలుగా నటించడం, దీనికి మంచి ఉదాహరణ నా ఉద్దేశంలో 2015 నాటి 'భలే భలే మగాడివోయ్'. కథానాయకుడు లక్కీ ఒక పని మొదలుపెట్టి దార్లో ఇంకోటి కనిపిస్తే మొదటిది మర్చిపోతాడు. సినిమా దాన్ని మతిమరుపు అని తేల్చేసి నవ్వించింది. కానీ అతను నిజంగా కష్టపడేది మర్చిపోవడం వల్ల కాదు, మర్చిపోయానని తను ప్రేమించిన నందనకి తెలియకుండా దాచడానికి. ఒక్కో అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి ఇంకోటి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఆ పరుగు చూస్తే ఒక చేత్తో నవ్వు ఆపుకుంటారు, ఇంకో చేత్తో నుదురు తుడుచుకుంటారు. లక్కీకి ఏడీహెచ్‌డీ అని నేను అనట్లేదు. పాత్రలకి ప్రిస్క్రిప్షన్ రాయడం విమర్శకుడి పని కాదు. పైగా మనుషులకే ఆలస్యంగా తెలుస్తుంది. నటుడు ఫహద్ ఫాజిల్ తనకి ఏడీహెచ్‌డీ ఉందని 41 ఏళ్లప్పుడు తెలిసిందని 2024లో చెప్పాడు. 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' దర్శకుల్లో ఒకరైన డేనియల్ క్వాన్, కథానాయిక పాత్ర కోసం ఏడీహెచ్‌డీ గురించి చదువుతూ చదువుతూ అది తనకే ఉందని కనుక్కున్నాడు. ఆ సినిమా ఎడిటింగ్ ఎందుకలా ఉంటుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

నవ్వు విషయంలో మన సుప్రీంకోర్టు 2024 జులైలో నిపుణ్ మల్హోత్రా కేసులో ఒక గీత గీసింది. వైకల్యం ఉన్నవాళ్లని కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని బాగా అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అంది. తీర్పు ప్రధానంగా మాటలు, పాత్రల గురించి. నేనైతే ఆ గీతని ఆర్.ఆర్. గది దాకా, అంటే నేపథ్య సంగీతం కూర్చే రీ-రికార్డింగ్ గది దాకా, లాగుతాను. డైలాగులో ఏ తప్పూ లేకుండా, పాత్ర నడుస్తుంటే వెనకాల ఒక బుడుంగుమనే చప్పుడు వేసి కించపరచొచ్చు. అదే పాత్ర ఏడవకపోయినా వయొలిన్లు ఏడ్చి జాలిపాలు చేయొచ్చు. రెండింటికీ స్క్రిప్టులో ఆనవాలు ఉండదు.

చూసేవాళ్ల వైపు నుంచి కూడా కొంత కదలిక ఉంది. అమెరికాలో ఏఎంసీ థియేటర్లు 2007 నుంచి కొన్ని షోలు వేరుగా వేస్తున్నాయి. సౌండ్ తగ్గిస్తారు, లైట్లు కొంచెం వెలిగే ఉంటాయి, మధ్యలో లేచి తిరిగినా, పాడినా ఎవరూ ఏమీ అనరు. నేను మాత్రం నా రివ్యూల చివర ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను: మెరుపు లైట్లు ఏ పాటలో ఉన్నాయి, చెవులు చిల్లులు పడే సీను ఇంటర్వెల్‌కి ముందా తర్వాతా అని. ఒకచోట ఎడిటర్ దాన్ని కొట్టేస్తాడు, రేటింగ్ పక్కన చోటు చాలదట. ఇంకోచోట ఉంచుతారు. అలా ఉంచినచోట పాఠకుల నుంచి వచ్చే ఉత్తరాల్లో నటన గురించి అడిగేవి తగ్గాయి. ఫలానా సీను ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పగలరా, పిల్లాడికి హెడ్‌ఫోన్స్ పెట్టాలి అని అడిగేవి పెరిగాయి.